ప్లైవుడ్ ఊళ్ళో నా వేషం

"మా ఆయన బ్రిగేడ్ ఎక్కడికీ పోదండీ, నేర్పడమే వాళ్ళ పని." ఈ ముక్క నేను ఎంతమందికి చెప్పి ఉంటానో నాకే తెలియదు. అమెరికాలో, నోవై అనే ఊళ్ళో మా ఇంటికి భోజనానికి వచ్చిన ప్రతివాళ్ళూ హాల్లో యూనిఫామ్ ఫొటో చూసి, "ఆర్మీలో ఉన్నారా? అమ్మో, భయం లేదా మీకు?" అని నన్నే అడిగేవాళ్ళు. ఆయన్ని అడగరు. ఆయన పక్కనే మంచినీళ్ళ గ్లాసులు సర్దుతూ ఉంటాడు. నేను పప్పు వడ్డిస్తూ ఆ ముక్క అప్పజెప్పేదాన్ని. "ఓహో, టీచరన్నమాట" అనేసి వాళ్ళు ఆవకాయ అడిగేవాళ్ళు. వాళ్ళ భయం అక్కడితో తీరిపోయేది. నాది తీరేది కాదు.

నేను పుట్టు పిరికిదాన్ని. దానికి తోడు నోరు పెద్దది. భయమేస్తే ఓ మూల కూర్చుని ఏడ్చే రకం కాదు, ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాను. నేను చేసే ఉద్యోగం కూడా అలాంటిదే. కార్లని గోడకి గుద్దించి, లోపల కూర్చోబెట్టిన బొమ్మలకి ఎక్కడెక్కడ దెబ్బ తగిలిందో చూసే ల్యాబ్ మాది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మెడలూ పక్కటెముకలూ చూసి ఇంటికొచ్చేదానికి ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? మా ఆయన కారు తాళాలు తీసుకుంటేనే "సీట్ బెల్ట్" అని వంటింట్లోంచి కేక వేస్తాను.

అసలు అమెరికా సైన్యానికి తెలుగుతో ఏం పనో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆయన స్టూడెంట్ వీసా మీద ఉన్న రోజుల్లో, ఫలానా ఫలానా భాషలు వచ్చినవాళ్ళు సైన్యంలో చేరితే సిటిజన్‌షిప్ ఇస్తామన్నారట. ఆ భాషల్లో తెలుగు కూడా ఉందట. స్నేహితులంతా హెచ్ వన్ వీసా లాటరీ కోసం మొక్కులు మొక్కుకుంటుంటే ఈయన వెళ్ళి జుట్టు గొరిగించుకుని బూట్లు కట్టుకున్నాడు. తీరా చేరాక తెలుగు ఎవరికీ అక్కర్లేకపోయింది. లారీలూ సామానూ ఎక్కడికి ఎలా చేరాలో చూసే పని అప్పజెప్పారు. తర్వాత అదే పని ఇంకొకళ్ళకి నేర్పమని ట్రైనింగ్ బ్రిగేడ్‌కి పంపారు. వారమంతా కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకో వారాంతం సైన్యం, వేసవిలో రెండు వారాలు. రిజర్వ్ అంటే అంతే. మా పెళ్ళిచూపుల్లో మా నాన్న "వారాంతపు సైనికుడా?" అని నవ్వితే, ఈయన కూడా నవ్వాడు. అది చూసే నేను ఒప్పుకున్నాను.

ఓసారి కుటుంబాలని పిలిచి రిజర్వ్ సెంటర్‌లో హాట్ డాగులూ బంగాళదుంప చిప్సూ పెట్టారు. మా ఆయన నన్ను చెయ్యి పట్టుకుని పొడుగాటి వరండాలోకి తీసుకెళ్ళాడు. గోడ నిండా ఫొటోలు. బురదలో కూరుకుపోయిన కుర్రాళ్ళు, మంచులో నిప్పు చుట్టూ చేరినవాళ్ళు, ఓడ ఎక్కుతున్నవాళ్ళు. అందరి భుజాల మీదా ఒకటే గుర్తు. అదే గుర్తు ఈయన భుజం మీద కూడా ఉంది. ఆ గుర్తు ఒకప్పుడు యుద్ధానికి వెళ్ళిన సైన్యానిదేనట. పెద్ద యుద్ధం అయిపోయాక ఆ సైన్యాన్ని రద్దు చేసి జెండా మడత పెట్టేశారు. కొన్నేళ్ళకి ఆ పేరూ ఆ గుర్తూ మళ్ళీ బయటికి తీసి, నేర్పేవాళ్ళ బ్రిగేడ్‌కి ఇచ్చారు. ఆ తర్వాత ఎప్పుడు ఎక్కడ యుద్ధం వచ్చినా, ఉన్న ఉపాధ్యాయులు చాలక వీళ్ళని పిలిచేవాళ్ళట. బడిపంతుళ్ళూ పోస్టుమాన్లూ మెకానిక్కులూ ఉద్యోగాలు వదిలేసి క్యాంపులకి వెళ్ళి, కొత్తగా చేరిన పిల్లలకి నేర్పేవాళ్ళు. ఎడారి దేశాల యుద్ధాలు మొదలైనప్పటి నుంచి వెళ్ళబోయే ప్రతి దళమూ ముందు వీళ్ళ దగ్గరికి రావాలి. లారీల వరుస నడపడం, దెబ్బ తగిలినవాణ్ణి మొయ్యడం, రోడ్డు మీద ఊరివాళ్ళు అడ్డం పడితే ఏం చెయ్యాలి, అన్నీ చేయించి చూస్తారు. చేసి చూపిస్తే "గో" అని రాస్తారు. చెయ్యలేకపోతే "నో గో."

ఇదంతా చెప్తుంటే ఆయన మొహం వెలిగిపోతోంది. "మన పెళ్ళి వీడియోలో కూడా నీ మొహం ఇలా వెలగలేదు" అన్నాను. నవ్వాడు. "నేర్పినవాళ్ళు కూడా వెళ్ళారా ఎప్పుడైనా?" అని అడిగాను. "బ్రిగేడ్ వెళ్ళదు" అన్నాడు. నాకు కావలసిన మాట అదే కాబట్టి అక్కడితో ఆపేశాను.

బ్రిగేడ్ వెళ్ళదు, నిజమే. కానీ బ్రిగేడ్‌లోంచి ఒక్కొక్క మనిషిని తీసి ఇంకో దళంలో పెట్టొచ్చట. ఆ సంగతి నాకు ఓ మార్చి నెల బుధవారం నాడు, కూరగాయలు తరుగుతుండగా తెలిసింది. లారీలు నడిపే దళం ఒకటి మే నెలలో వెళ్తోంది. ఎక్కడికో చెప్పకూడదన్నారు, ఎడారి అని మాత్రం తెలుసు. ఆ దళంలో ఓ ప్లటూన్ సార్జెంట్, అంటే ఓ ముప్ఫైమంది బాగోగులు చూసేవాడు, ఐస్ మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆ పని తెలిసినవాడు కావాలి. ఏడాది పాటు.

"నన్ను అడిగారు" అన్నాడు మా ఆయన. "ఆదివారం సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి."

"కాదని చెప్పు. దానికి ఆదివారం దాకా ఎందుకు? ఇప్పుడే ఫోన్ చెయ్యి" అన్నాను.

"అంత తేలిక కాదు."

"తేలికే. కాదు అనడానికి రెండు అక్షరాలు."

ఇక మొదలైంది. నేను ఒకటంటే ఆయన పది చెప్తాడు. అరవడు, అదే నా ఖర్మ. అరిస్తే నేనూ అరిచి గెలుద్దును. ఈయన మెల్లిగా, పాఠం చెప్పినట్టు చెప్తాడు. లారీల దళం యుద్ధం చెయ్యదు, రోడ్డు మీదే ఉంటుంది అన్నాడు. రోడ్డు మీదే కదా బాంబులు పెట్టేది అన్నాను. ఇప్పుడు అలా లేదు అన్నాడు. నువ్వెళ్ళి చూశావా అన్నాను. చూడలేదు, అదే కదా నా బాధ, ఇన్నేళ్ళూ చూడకుండానే నేర్పాను అన్నాడు. ఆ మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ బాధ తీర్చుకోవడానికి మమ్మల్ని బలిపెడతావా?" అన్నాను. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. హోంవర్క్ మీంచి తలెత్తి, "అమ్మా, డాడీ ఎక్కడికి వెళ్తుంది?" అని తనకొచ్చిన తెలుగులో అడిగింది. "ఎక్కడికీ వెళ్ళడు, నువ్వు లెక్కలు చెయ్యి" అన్నాను.

గురువారం, శుక్రవారం ఆఫీసులో నేను ఏం చేశానో నాకు తెలియదు. స్క్రీన్ మీద బొమ్మ తల ముందుకి వాలిపోవడం, వెనక్కి రావడం, మళ్ళీ వాలిపోవడం. పక్క సీటు అమ్మాయి "ఆర్ యూ ఓకే?" అంటే "ఫైన్, ఫైన్" అన్నాను. ముద్ద నోట్లో పెట్టుకుంటే దిగదు. ఆయన అడిగిన దానికల్లా విసుక్కున్నాను. శుక్రవారం సాయంత్రం నుంచి మాత్రం ఆయన వాదించడం మానేశాడు. నేను ఏమన్నా "ఊఁ" అంటున్నాడు. దారిలోకి వస్తున్నాడనుకున్నాను. పిచ్చిదాన్ని.

ఆ వారాంతమే ఆ లారీల దళానికి ఆఖరి పరీక్ష. నోవైకి ఉత్తరంగా అడవి మధ్యలో క్యాంపు ఉంది. అక్కడ ప్లైవుడ్‌తో ఓ ఉత్తుత్తి ఊరు కట్టారు. ఊరన్నాక మనుషులుండాలి, వాళ్ళు సైనికులకి అర్థం కాని భాషలో మాట్లాడాలి. మామూలుగా ఆ వేషాలు వెయ్యడానికి డబ్బిచ్చి మనుషుల్ని తెచ్చేవాళ్ళు. ఈసారి వాళ్ళు కుదర్లేదట. పైవాళ్ళు మా ఆయన వైపు చూశారు. అన్నేళ్ళ తర్వాత సైన్యానికి తెలుగుతో పని పడింది. గొడవ మొదలవక ముందే, నెల ముందే, నేనూ మాకు తెలిసిన అంకుల్, ఆంటీ వస్తామని మాటిచ్చేశాం. అంకుల్ ఇక్కడ డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆంటీది వరంగల్. మంచులో డ్రైవ్ చెయ్యడానికి వాళ్ళకి భయం, నేను తీసుకెళ్ళాలి. మానేద్దామంటే ఆంటీ అప్పటికే పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టేశారు. పిల్లని స్నేహితురాలింట్లో దింపి శనివారం బయల్దేరాం. ఆయన శుక్రవారం రాత్రే వెళ్ళిపోయాడు.

ఆ ఊరు చూసి నాకు అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది. చుట్టూ మోకాలి లోతు మంచు, పైన్ చెట్లు. మధ్యలో ఎడారి రంగు పూసిన చెక్క ఇళ్ళు. బజారులో ప్లాస్టిక్ అరటిపళ్ళు, ప్లాస్టిక్ టమాటాలు. ఆంటీ పళ్ళమ్మి. అంకుల్ ఊరి పెద్ద. స్వెటర్ మీద స్వెటర్, దాని మీద కోటు, దాని మీద శాలువా. ఇంగ్లీషు ముక్క నోట్లోంచి రాకూడదని మాకు షరతు పెట్టారు. ఏళ్ళ తరబడి పేషెంట్లతో ఇంగ్లీషే మాట్లాడిన అంకుల్ రెండు నిమిషాలకోసారి "ఓకే, ఓకే" అంటూనే ఉన్నారు. "ఊరి పెద్దవు, నోరు మూసుకొని మీసం దువ్వు" అని ఆంటీ కసిరారు. అంకుల్‌కి మీసం లేదు.

నా వేషం ఏమిటంటే, నా మొగుడు లారీ తోలుకుని పోయాడు, తిరిగి రాలేదు. సైనికుల లారీలు ఊళ్ళోకి రాగానే వాటికి అడ్డం పడి, నా మొగుడేడని అడగాలి. వాళ్ళు నన్ను తోసెయ్యకుండా, కొట్టకుండా, నా గోడేమిటో తెలుసుకుని దారి తెచ్చుకోవాలి. వాళ్ళ దుబాసీకి జబ్బు చేసిందని ముందే చెప్పేశారు. అంటే భాష తెలిసినవాడు పక్కన లేడన్నమాట. తెలిసినవాడు ఒకడున్నాడు. కానీ పరీక్ష చేసేవాడు చేతికి తెల్లపట్టీ కట్టుకుంటాడు. తెల్లపట్టీ కట్టుకున్నవాడు అక్కడ లేనట్టే లెక్క. వాళ్ళు అతన్ని ఏమీ అడగకూడదు, అతను ఎవరితోనూ మాట్లాడకూడదు, తల కూడా ఊపకూడదు. చూడాలి, రాసుకోవాలి. అంతే. ఆ తెల్లపట్టీ మా ఆయన.

లారీలు వచ్చాయి. నేను ఎదురెళ్ళి చేతులు చాపి నిలబడ్డాను. ముందు లారీ చక్రం నా భుజం ఎత్తుంది. దానిలోంచి ఓ లెఫ్టినెంట్ దిగింది. మొహమంతా మచ్చలు, కాలేజీ పిల్లలా ఉంది. కళ్ళద్దాలు తీసేసి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, "మేడమ్, వియ్ ఆర్ హియర్ టు హెల్ప్" అంది మెల్లిగా. నేర్పించిన పాఠం. ఎవరు నేర్పారో నాకు తెలుసు.

"నా మొగుడేడీ?" అన్నాను. "బండి తోలుకుని పోయాడు. ఏడీ? ఏం చేశారు?" చెప్పమన్న మాటలే. ఆ అమ్మాయి చెయ్యి ఊపింది. ఓ కుర్రాడు నీళ్ళ సీసా తెచ్చాడు. నేను పుచ్చుకోలేదు. ఇంకొకడు దుప్పటి తెచ్చాడు. మూడోవాడు జేబులోంచి చాక్లెట్లు తీశాడు. అదంతా ఆ అమ్మాయి వెనకాల నిలబడి, తల వంచుకుని, మా ఆయన రాసుకుంటున్నాడు. ఏదో పెళ్ళిలో చదివింపులు రాసుకుంటున్నట్టు రాసుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కసారిగా ఇంకో సంగతి కూడా తట్టింది. ఈ మనిషి ఇప్పుడు నాకు ఎదురు చెప్పలేడు.

"ఓయ్, తెల్లపట్టీ! నిన్నే!" అన్నాను. "రాసుకో. బాగా రాసుకో. బుధవారం నుంచి నాకు ముద్ద దిగట్లేదు, అది రాసుకో. ఇంట్లో నేనొకటంటే పది చెప్తావుగా, ఇప్పుడు చెప్పు చూద్దాం. లారీలకేం కాదంటావా? నేను రోజూ చూసేది ఏమిటో నీకు తెలుసా? బొమ్మలు. బొమ్మకి మెడ విరిగితే ఇంకో మెడ పెడతాం. నీకెవరు పెడతారు?"

ఆయన పెన్ను ఆగింది. తలెత్తలేదు. లెఫ్టినెంట్ నాకూ ఆయనకీ మధ్యకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నేను పక్కకి వంగి ఆయన వైపే చూస్తూ అరిచాను. "దేశం, బాధ్యత అంటే నేను కాదనను. నాకు అంత పెద్ద మాటలు రావు. నాకు భయంగా ఉంది. భయం! గ్యారేజ్ తలుపు చప్పుడైతే నీ కూతురు పుస్తకం పడేసి పరిగెడుతుంది. ఏడాది పాటు ఆ తలుపు నేను తీసినప్పుడల్లా దాని మొహం ఎలా చూడను? వెళ్ళొద్దు. నీకు దణ్ణం పెడతాను, వెళ్ళొద్దు. వెళ్ళనని ఒక్క మాట చెప్పు. మాట్లాడకూడదా? సరే, తల ఊపు. ఎవరికీ తెలియదు. ఊపు!"

ఊపలేదు. రూల్ కదా, అందుకే ఊపలేదని నాకు నేను చెప్పుకున్నాను. కానీ లారీ ముందు మంచులో చతికిలబడిపోయాను. లెఫ్టినెంట్ కూడా నాతోపాటు కింద కూర్చుంది. ఏం చెయ్యాలో తోచక, నా రెండు చేతులూ పట్టుకుని ఊరికే కూర్చుంది. కాసేపటికి ఎవరో విజిల్ వేశారు. పరీక్ష అయిపోయింది.

ఆంటీ ప్లాస్టిక్ పళ్ళు వదిలేసి వచ్చి నన్ను లేవదీశారు. "ఏంది బిడ్డా, గిదంతా వాళ్ళు చెప్పమన్నదేనా?"

"కాదాంటీ."

"నాకు ఎర్కనే. ఊకో. లోపటికి నడువు, తడిసిపోయినవ్" అని తన శాలువా నా మీద కప్పారు.

ప్రతి పరీక్ష తర్వాతా అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించడం వాళ్ళ ఆచారం. ఏం జరగాల్సింది, ఏం జరిగింది, ఎందుకలా జరిగింది, ఈసారి ఏం చెయ్యాలి. అక్కడ పెద్దా చిన్నా ఉండదు, సిపాయి కూడా ఆఫీసరు తప్పు చెప్పొచ్చు. ఎవరూ ఉడుక్కోకూడదు, ఎవరూ దాచకూడదు. ఓసారి మా ఇంట్లో సాంబారు మాడితే ఈయన ఇదే పద్ధతిలో "ఏం జరగాల్సింది?" అని మొదలెట్టాడు. గరిటె విసిరాను. ఆ రోజు మాత్రం పెద్ద డేరాలో, హీటరు పక్కన, ఊరివాళ్ళం కూడా బెంచీల మీద కూర్చున్నాం. ఎదురుగా ఆయన నిలబడ్డాడు. చేతికి పట్టీ లేదు.

లెఫ్టినెంట్ లేచింది. "నీళ్ళిచ్చాం, దుప్పటిచ్చాం, చాక్లెట్లిచ్చాం. ఆమెకి ఏదీ అక్కర్లేదు. దారి వదలమంటే వదల్లేదు, కానీ మా మీద కోపంగా ఉన్నట్టూ లేదు. మీ వైపే చూసి మాట్లాడింది, సార్జెంట్. నేను ఎప్పుడూ ఇంత చేతకానిదాన్ని అయిపోలేదు. మీకు ఆమె భాష తెలుసు కదా. ఆమెకి ఏం కావాలి?"

ఆయన చేతిలో కాగితం ఉంది. నాకు ఇచ్చిన వేషం ఏమిటో చదివేస్తే సరిపోయేది. భర్త కనపడటం లేదు, అతను ఎక్కడున్నాడో అడుగుతోంది అంటే సరి. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆమె భర్తని వాళ్ళు ఒక చోటికి రమ్మన్నారు" అన్నాడు ఇంగ్లీషులో. "వెళ్ళొద్దని చెప్తోంది. వెళ్ళనని ఒక్క మాట చెప్పమని అడుగుతోంది."

"మరి మేం ఏం చేసి ఉండాల్సింది?"

"మీరు చెయ్యగలిగింది ఏమీ లేదు. పక్కన కూర్చున్నారు, అది సరైన పనే. ఆమెకి నిజం చెప్పాల్సినవాడు వేరే ఉన్నాడు. అతను శుక్రవారం పొద్దున్నే సరేనని చెప్పేశాడు. ఆమెకి చెప్పలేదు." తలెత్తి నా వైపు చూశాడు. "అతనికి నో గో."

ఆంటీ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. అంతమందిలో, తెలుగులో, మామూలు గొంతుతో అడిగాను. "శుక్రవారమా?"

"ఊఁ."

"మరి సాయంత్రం నేను అంతసేపు మొత్తుకుంటుంటే ఊఁ ఊఁ అన్నావు?"

"చెప్దామనే కూర్చున్నాను. నోరు రాలేదు." ఆయన కూడా తెలుగులోనే చెప్పాడు. "నేను కాదంటే తర్వాత పేరు ఇంకొకడిది. మొన్న నెల్లోనే వాడికి బిడ్డ పుట్టింది. వాడు కాదనే రకం కాదు."

నాలుగు రోజుల బట్టి వెళ్తాడేమో, వెళ్తాడేమో అని కొట్టుకున్న గుండె అప్పుడు ఆగినట్టయింది. వెళ్తాడు. అనుమానం పోయింది, భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ పసిబిడ్డ తల్లి ఎవరో నాకు తెలియదు. ఆవిడ మీద కూడా కాసేపు కోపం వచ్చింది, దాచుకోవడం ఎందుకు.

బయటికొచ్చి కారు అద్దం మీద మంచు గీకుతుంటే లెఫ్టినెంట్ పరిగెత్తుకుంటూ వచ్చింది. మా ఇద్దరి మధ్యా తెలుగులో అయిన మాటలు ఆమెకి అర్థం కాలేదు గానీ, మిగతాదంతా అర్థమైంది. తుంటి విరిగిన సార్జెంట్ ఆమె ప్లటూన్ వాడే. మా ఆయన ఇక ఏడాది పాటు ఆమె పక్కనే ఉంటాడు. "మేడమ్, నేను మీకు మాట ఇస్తున్నాను, ఆయన్ని..." అని మొదలెట్టింది.

"ఇవ్వకు" అన్నాను ఇంగ్లీషులో. "నీ చేతిలో లేనిది నాకు ఇవ్వకు."

ఆమెని తిట్టుకుందామని చూశాను. మా పిన్ని కూతురి వయసు ఉంటుంది. ముక్కు చలికి ఎర్రబడిపోయింది, తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"విను" అన్నాను. "ఆయన కంగారుపడితే తిండి మానేస్తాడు. అడిగితే తిన్నానంటాడు. నమ్మకు, ప్లేటు చూడు. కుడి మోకాలు నొప్పి, చెప్పడు. మెట్లు దిగేటప్పుడు చూస్తే తెలుస్తుంది. ఆదివారాలు పిల్లకి ఫోన్ చేయించు. ఆఖరిది ముఖ్యం. ఎవరికైనా ఏదైనా జరిగితే, అది తన తప్పేనని లోపల పెట్టుకుని నోరు మూసుకుంటాడు. ఒక్క రోజు చూడు. రెండో రోజు కూడా మాట్లాడకపోతే తిట్టు. బతిమాలితే లాభం లేదు. గట్టిగా, పదిమందిలో తిట్టు. అలా అయితేనే మనుషుల్లో పడతాడు. ఆ ఒక్కదానికి తప్ప తిట్టకు, మిగతావన్నీ మంచిగా చెప్తే వింటాడు."

ఆ పిల్ల నిటారుగా నిలబడింది. పైవాళ్ళు ఆర్డర్ ఇస్తే విన్నది విన్నట్టు తిరిగి అప్పజెప్పాలట, అది వాళ్ళ అలవాటు. నాకు అప్పజెప్పింది. ప్లేటు, మోకాలు, ఆదివారం ఫోను. "రెండో రోజు కూడా మాట్లాడకపోతే, నేను ఆయనతో మాట్లాడతాను" అంది.

"మాట్లాడటం కాదు. తిట్టమన్నాను. మళ్ళీ చెప్పు."

మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి తిట్టడంతో సహా ఒక్కటీ వదల్లేదు. వెళ్ళి కారులో కూర్చుని అప్పుడు ఏడ్చాను. అంకుల్ వెనక సీట్లోంచి "ఓకే, ఓకే" అన్నారు.

మే నెలలో వెళ్ళాడు. ఆదివారం ఆదివారం ఫోను వస్తోంది. "ఏం చెప్పావు ఆ పిల్లకి? నా ప్లేట్లోకి తొంగి చూస్తుంది" అని మొదటి వారమే గొణిగాడు. పిల్లా నేనూ పడీపడీ నవ్వాం. ఇంటికి వచ్చినవాళ్ళు అడిగితే ఇప్పుడేమీ చెప్పడం లేదు, భయంగానే ఉందండీ అంటున్నాను. వాళ్ళు ఏమనాలో తెలియక పప్పు బాగుందంటున్నారు.

మొన్న ఆదివారం కాకుండా మంగళవారం ఫోన్ చేశాడు. నేను ల్యాబ్‌లో ఉన్నాను. బయటికొచ్చి ఎత్తాను.

"ఊరికే చేశాను" అన్నాడు. పిల్ల బడి గురించి అడిగాడు. వాన పడుతోందా అని అడిగాడు. తర్వాత, ఏదో పెద్ద జోక్ చెప్తున్నట్టు, "ఇవాళ మీ లెఫ్టినెంట్ నన్ను అందరి ముందూ తిట్టిపోసింది, తెలుసా" అన్నాడు.

ఆ ఒక్కదానికి తప్ప తిట్టొద్దని ఆ పిల్లకి చెప్పింది నేనే.

"ఏం జరిగింది?"

"ఏమీ లేదు. ఊరికే తిట్టింది."

"ఎవరికేం జరిగింది?"

అటు నుంచి గాలి చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"సరే, నాకు చెప్పకు" అన్నాను. "ఆ పిల్లని పిలు. ఫోన్ తనకివ్వు."